గోంగూర మడి కింద జోసయా

కృష్ణవేణి బుట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి గోంగూర మడి మధ్యలో ఎవరో ముసలి తెల్లావిడ నిలబడి ఉంది. చేతిలో నారింజ రంగు బుల్లి జెండాల కట్ట. ఒక్కొక్కటే తీసి మట్టిలో గుచ్చుతోంది. ఒక జెండా తిన్నగా బెండమొక్క మొదట్లో దిగింది.

అది 2007 ఆగస్టు. పెన్సిల్వేనియాలో ఎక్స్‌టన్ దాటాక పొలాల మధ్య ఉన్న పాత రాతి ఇల్లు. కృష్ణవేణి, రామమోహన్ దాన్ని కొని ఏడాది దాటింది. ఆవిడ ఫార్మసిస్టు, ఆయన ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ప్రోగ్రామరు. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజున రామమోహన్ పైకప్పు చూశాడు, ఫర్నేసు చూశాడు. కృష్ణవేణి మాత్రం ఇంటి వెనక నడుమెత్తు రాతిగోడ చుట్టి ఉన్న చదునైన జాగా చూసి అక్కడే మనసు పారేసుకుంది. ముళ్ళకంపలు మెడలోతు పెరిగి ఉన్నా కింద నేల నల్లగా, మెత్తగా ఉంది. తెనాలి పక్క పల్లెలో పుట్టిన మనిషి. అలాంటి నేల చూశాక విత్తనం వెయ్యకుండా ఉండలేకపోయింది.

"ఎవరు మీరు? నా తోటలో ఏం చేస్తున్నారు?" అని ఇంగ్లీషులో గట్టిగా అడిగింది.

ముసలావిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది. సన్నగా, నిటారుగా ఉంది. డెబ్బై దాటి ఉంటాయి.

"ఇది తోట కాదు. శ్మశానం. నువ్వు నిలబడింది మా తాత మీద."

కృష్ణవేణి చప్పున ఒక అడుగు వెనక్కి వేసింది. వేసినందుకు మరుక్షణం తనమీద తనకే మండుకొచ్చింది.

"ఇది నా ప్రాపర్టీ. బయటికి నడవండి."

"నీకు పధ్నాలుగు నెలలుగా ప్రాపర్టీ. మేం ఈ మట్టిలో మూడొందల ఏళ్ళుగా ఉన్నాం."

"మూడొందల ఏళ్ళుగా ఉంటే ఒక్కసారైనా కంపలు ఎందుకు కొట్టలేదు? నేను కొట్టాను. చేతులు చీరుకుపోయాయి."

"ఎవరు కొట్టమన్నారు నిన్ను?" అని ముసలావిడ ఇంకో జెండా గుచ్చింది.

కృష్ణవేణి పోలీసుల్ని పిలిచింది. వచ్చిన కుర్ర ఆఫీసరుకి ముసలావిడ సంచీలోంచి కాగితాలు తీసి చూపించింది. అతను చదివి, మెడ రుద్దుకుని, "మేడమ్, ఈవిడకి ఇక్కడికి వచ్చే హక్కు ఉన్నట్టుంది. మీ లాయర్‌తో మాట్లాడండి" అని వెళ్ళిపోయాడు. ముసలావిడ మిగిలిన జెండాలన్నీ తాపీగా గుచ్చి మరీ వెళ్ళింది.

ఆవిడ పేరు ఎవెలిన్ వెదర్లీ. లాంకాస్టర్‌లో ఒక స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. జోసయా వెదర్లీ అనే మనిషి వంశస్థులకి ఒక సంఘం ఉంది, దానికి ఆవిడ అధ్యక్షురాలు. ఆ జోసయా క్వేకరు. క్వేకర్లంటే రాజు ఎదురైనా టోపీ తియ్యని, కోర్టులో ప్రమాణం చెయ్యని, అందుకు ఇంగ్లండులో జైళ్ళపాలైన క్రైస్తవ శాఖ వాళ్ళు. జోసయా కూడా జైల్లో మగ్గి, 1684లో ఓడెక్కి, ఈ అడవిలో దిగి చెట్లు కొట్టి ఇల్లు కట్టాడట. పోయాక ఈ గోడ లోపలే పెట్టారట.

రామమోహన్ ఇంటి కాగితాలు తీసుకుని ఎక్స్‌టన్‌లో రాజారావు అనే తెలుగు లాయరు దగ్గరికి వెళ్ళాడు. కృష్ణవేణి కూడా వెళ్ళింది.

"ఇక్కడ స్పష్టంగా ఉందండీ," అన్నాడు రాజారావు. "గోడ లోపలి జాగా శ్మశానం. అక్కడున్న వాళ్ళ వంశం రావచ్చు, పోవచ్చు, బాగుచేసుకోవచ్చు. కొనేటప్పుడు చదవలేదా?"

"క్లోజింగ్ రోజున సంతకాలు పెట్టీ పెట్టీ చెయ్యి లాగేసింది. చదివిందెక్కడ?" అన్నాడు రామమోహన్.

"బాగుచెయ్యడమంటే ఏమిటి?" అడిగింది కృష్ణవేణి.

"గడ్డి కొయ్యడం నుంచి సమాధి రాయి పెట్టడం దాకా ఏదైనా. జడ్జి ఎలా అనుకుంటే అలా."

"వాళ్ళు అసలు ఆయన వంశమే కాకపోతే?"

రాజారావు నవ్వాడు. "కాకపోతే మీ పెరట్లోకి జొరబడ్డట్టే. కానీ వాళ్ళు కారని ఎవరు తేలుస్తారండీ? ఆవిడ జీవితమంతా అదే పని చేస్తోంది."

కారెక్కాక రామమోహన్, "పోనీలే వేణీ, ఏడాదికి నాలుగుసార్లు వస్తారు, దణ్ణం పెట్టుకుని పోతారు. మనకేం?" అన్నాడు.

"మీకేం ఉండదు. మీకెప్పుడూ ఏం ఉండదు," అంది కృష్ణవేణి.

అసలు దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. విజయశ్రీ కృష్ణవేణికి చెల్లెలి లాంటిది. వరంగల్ పిల్ల, ఇక్కడ పిల్లల డాక్టరు దగ్గర ఆఫీసు మేనేజరు. ఆ రెండు ఎండాకాలాలూ కృష్ణవేణి తోటలో కాసినవన్నీ సంచుల కొద్దీ ఆ ఇంటికి వెళ్ళాయి. విజయశ్రీ కొడుకు పుట్టినరోజున, వంటింట్లో పదిమంది ఆడవాళ్ళ మధ్య, కృష్ణవేణి ముసలావిడ సంగతి మొదలుపెట్టింది. అందరూ తన పక్షాన లేస్తారనుకుంది.

"అక్కా," అంది విజయశ్రీ నెమ్మదిగా. "మొన్న నువ్వు పంపిన గోంగూర గక్కడిదేనా?"

"అక్కడిదే. ఇంకెక్కడిది?"

"మా అత్తమ్మ అదే తింటున్నది అక్కా. పొద్దుమాపు. పిల్లలకు పప్పుల వేసి పెట్టిన. శ్మశానంల మొలిచింది పిల్లలకు పెట్టిన్నా నేను?"

"మూడొందల ఏళ్ళయిందే. మట్టి మట్టే."

"నీకు మట్టే. మాకు గాదు. యు షుడ్ హావ్ చెక్డ్ అక్కా. ఇల్లు కొన్నప్పుడు ఒక్కసారి చూసుకోవద్దా?"

మర్నాడు పొద్దున గుమ్మం ముందు గోంగూర పచ్చడి సీసా ఉంది, సగం తిన్నది. బెల్లు కొట్టకుండా పెట్టి వెళ్ళారు. ఆ వారంలో అలాంటివి ఇంకో మూడు వచ్చాయి. ఫోన్లు తగ్గాయి. ఎవరో పంతుల్ని పిలిచి శాంతి చేయించమన్నారు. ఇంకెవరో అసలు ఆ ఇల్లే అమ్మేయమన్నారు.

కృష్ణవేణికి మాత్రం పట్టింపు లేదా? రామమోహన్ ఆఫీసుకి వెళ్ళాక ఫ్రిజ్‌లో ఉన్న గోంగూరంతా తీసి చెత్తలో పడేసి, గిన్నెలు రెండుసార్లు తోమింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కోపమంతా ఎవెలిన్ మీదికి మళ్ళింది. ఆ ముసల్ది వచ్చి నోరు విప్పకపోతే ఎవరికి తెలిసేది? హాయిగా తినేవాళ్ళు కారా?

ఆ తర్వాత ప్రతి శనివారం యుద్ధమే. ఎవెలిన్ వచ్చేది, ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు కజిన్లతో. దొండపందిరి ఊడబీకి గోడ అవతల పడేశారు. కృష్ణవేణి వాళ్ళు వచ్చే వేళకి సరిగ్గా స్ప్రింక్లర్ తిప్పింది. ఎవెలిన్ తడిసి ముద్దయినా గోడ దాటి బయటికి రాలేదు, జెండాలు సరిచేసుకుంటూ గంటసేపు అలాగే ఉంది. ఎవెలిన్ పెట్టిన కంప్లెయింట్ టౌన్‌షిప్ ఆఫీసు నుంచి వచ్చింది. కృష్ణవేణి తిరుగు కంప్లెయింట్ ఇచ్చింది. పేరు చెబితే "నాకు నోరు తిరగదు" అని, ఎవెలిన్ ఆవిడని 'క్రిస్' అనేది. కృష్ణవేణి పలకడం మానేసింది.

ఆకులు రాలే రోజుల్లో ఎవెలిన్ ఆ ఏడాదికి చివరిసారిగా వచ్చి వెళ్తూ గోడ మీద ఒక కరపత్రం పెట్టింది. వచ్చే జూన్‌లో జోసయా వెదర్లీకి గ్రానైట్ స్మారకం. ముందువైపు ఆయన పేరు, వెనక వైపు వంశవృక్షం. దేశం నలుమూలల నుంచి కజిన్లు వస్తారు.

"నా పెరట్లో మనిషెత్తు రాయి!" అంది కృష్ణవేణి భర్తతో. "రోజూ కిటికీలోంచి చూస్తూ గిన్నెలు తోముకోవాలి నేను."

"కోర్టుకి వెళ్దామా?"

"వద్దు. ఆవిడ తాత ఎవరో నేనే తేలుస్తాను."

దగ్గరలో క్వేకర్ల ప్రార్థనామందిరం ఉంది. ఒక ఆదివారం కృష్ణవేణి వెళ్ళింది. మొక్కడానికి కాదు, కూపీ లాగడానికి. లోపల పాదిరి లేడు, పాట లేదు, శిలువ కూడా లేదు. చెక్క బల్లల మీద పాతికమంది కళ్ళు మూసుకుని కూర్చున్నారు. గంటసేపు ఎవరూ పెదవి కదపలేదు. కృష్ణవేణి ఆ గంటంతా ఎవెలిన్‌ని మనసులో తిడుతూ కూర్చుంది. తెలుగులో మొదలుపెట్టి, అయిపోయాక ఇంగ్లీషులోకి దిగింది.

బయటికి వచ్చాక హ్యూ అనే పెద్దాయన పలకరించాడు. వెదర్లీల మాట ఎత్తగానే తల ఊపాడు.

"ఏటా వచ్చి తలుపు దగ్గర ఫోటోలు తీసుకుంటారు. లోపలికి రమ్మంటే రారు. వాళ్ళలో క్వేకర్లు ఎవరూ లేరు ఇప్పుడు."

"జోసయాకి అసలు రాయి ఎందుకు లేదు?"

"ఆ రోజుల్లో మావాళ్ళు రాళ్ళు పెట్టేవాళ్ళు కారు. పోయిన తర్వాత కూడా ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ ఏమిటని. ఎవరు ఎక్కడున్నారో తెలియకూడదనే అలా చేశారు."

"అయితే మీరు చెప్పండి వాళ్ళకి. ఆపండి ఆ రాయిని."

"మేం ఎవర్నీ ఆపం," అని హ్యూ నవ్వాడు. ఆ నవ్వుకి కృష్ణవేణికి ఒళ్ళు మండింది. కానీ ఆయన పాత రికార్డులు ఏ లైబ్రరీలో ఉన్నాయో, ఎవర్ని అడగాలో చెప్పాడు.

ఆ శీతాకాలం శనివారాలన్నీ కృష్ణవేణి ఒక కాలేజీ లైబ్రరీలో గడిపింది. మంచు పడినా వెళ్ళింది. మూడొందల ఏళ్ళ కిందటి చేతిరాత చూసి అక్కడి పిల్లలే తలలు పట్టుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా డాక్టర్ల రాత చదివిన కళ్ళు కావడంతో ఆవిడకి నాలుగు వారాల్లో పట్టుబడింది. మొదట కసితో చదివింది. తర్వాత కసి తగ్గకుండానే ఆసక్తి కూడా కలిసింది. ఇంటికి వచ్చి అన్నం తింటూ, "ఏమండీ, ఆయన ఓడలో పెద్ద కూతురు పోయిందట, సముద్రంలో వేశారట" అనేది. రామమోహన్ భయంగా చూసేవాడు.

ఫిబ్రవరి చివర్లో దొరికింది. జోసయా వెదర్లీలు ఇద్దరు.

ఒకడు ఈ ఇల్లు కట్టిన రైతు. ఒక్కడే కొడుకు, అతను పెళ్ళికాకుండానే వాగులో పడి పోయాడు. పోయేముందు జోసయా వీలునామాలో తన భూమి ఇద్దరు కూతుళ్ళకి రాస్తూ, నాకు బతికున్న కొడుకు లేడు గనక అన్నాడు. వెదర్లీ అన్న ఇంటిపేరు ఆయనతోనే ఆగిపోయింది. రెండోవాడు నాలుగేళ్ళ తర్వాత వచ్చిన వేరే మనిషి, చుట్టం కూడా కాదు. చెస్టర్ రేవులో పీపాలు చేసేవాడు. క్వేకరు కాదు. దొంగచాటుగా రమ్ము అమ్మి రెండుసార్లు పట్టుబడ్డాడు. ఎవెలిన్ సంఘం పుస్తకంలో మూలపురుషుడి కొడుకుగా ఉన్న నేథన్, ఈ పీపాల జోసయా కొడుకని అతన్ని చిన్నప్పుడు పనికి ఒప్పజెప్పిన కాగితంలో ఉంది.

ఆ రోజు కృష్ణవేణి ఇంటికి డ్రైవ్ చేసుకొస్తూ కార్లో ఒక్కతే నవ్వింది.

మే నెలలో ఎవెలిన్ రాయి పెట్టే చోటు కొలవడానికి దారం, మేకులు పట్టుకుని వచ్చింది. ఈసారి కృష్ణవేణి స్ప్రింక్లర్ తిప్పలేదు. కాపీలు తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది.

"మిస్ వెదర్లీ, మీరు ఈయన వంశం కాదు. చెస్టర్ రేవులో రమ్ము అమ్మినవాడి వంశం. ఇవిగో. చదువుకోండి."

ఎవెలిన్ కాగితాల కోసం చెయ్యి చాచలేదు. దారం చుట్ట విప్పుతూనే ఉంది.

"వీలునామా చూశావా?"

"చూశాను."

"నేథన్‌ని పనికి ఒప్పజెప్పిన కాగితం?"

"అదీ చూశాను."

"నేనూ చూశాను. 1991లో."

కృష్ణవేణికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చాచిన కాగితాలు దించేసింది. తెలిసి కూడా ఈ మనిషి పదిహేడేళ్ళుగా అధ్యక్షురాలు. తెలిసి కూడా తన దొండపందిరి పీకించింది.

"సిగ్గులేదా మీకు?"

"మా నాన్న ఉన్నాడప్పుడు. ఆయనకి ఈ పేరు తప్ప ఏమీ మిగల్లేదు. ఇల్లు పోయింది, మా అమ్మ పోయింది. ఆయన పోయేదాకా ఆగుదామనుకున్నాను. 2003లో పోయాడు. అప్పటికి నలభై కుటుంబాలు చేరాయి. పిల్లలకి జోసయా అని పేర్లు పెట్టుకున్నారు." ఎవెలిన్ మేకు ఒకటి నేలలో దిగగొట్టింది. "నీకెందుకు చెబుతున్నానో ఇదంతా."

"రాయి మానెయ్యండి. ఈ గోడ లోపలికి ఇంకెప్పుడూ రావద్దు. నేను నోరెత్తను."

ఎవెలిన్ మొదటిసారి నవ్వింది. ఏమాత్రం బాగాలేని నవ్వు.

"చెప్పుకో పో. వాళ్ళు నీ మాట నమ్ముతారో, నా మాట నమ్ముతారో నాకూ చూడాలని ఉంది."

జూన్‌లో ఆ రోజు పొద్దుటి నుంచే కార్లు వచ్చాయి. ఒహాయో, ఇండియానా, ఒకటి ఆరెగాన్ నుంచి. గోడ చుట్టూ మడతకుర్చీలు వేశారు. ట్రెయిలర్ మీద పరదా కప్పిన రాయి. ఆ ట్రెయిలరు డ్వైట్‌ది. ఒహాయోలో కార్లు అమ్మే భారీ మనిషి, సంఘం ట్రెజరరు, ఎవెలిన్‌ని లాంకాస్టర్ నుంచి కారెక్కించుకుని తెచ్చింది కూడా ఆయనే.

"వద్దు వేణీ," అన్నాడు రామమోహన్ ఇంటి వెనక చెక్క డెక్ మీద నిలబడి. "నలభై యాభైమంది ఉన్నారు. మనం ఇద్దరం."

"మీరు ఇక్కడే ఉండండి."

ఎవెలిన్ స్వాగతం చెప్పి కూర్చోగానే కృష్ణవేణి ముందుకి నడిచింది. ఇంటి యజమానురాలు కదా, నాలుగు మంచి మాటలు చెబుతుందనుకుని కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఆవిడ ఇద్దరు జోసయాల సంగతి చెప్పింది. కొడుకు మునిగిపోయిన సంగతి, వీలునామాలో మాట, రేవులో పీపాలవాడు. వణక్కుండా చెప్పింది. చివర్న, "మీరెవరూ ఈయన మనుషులు కారు. మీకు ఇక్కడ పనిలేదు" అంది.

అందరూ ఒకేసారి లేచారు. డ్వైట్ మొహం కందిపోయింది.

"మేమెవరమో మాకు నువ్వు చెబుతావా? నిన్న కాక మొన్న విమానం దిగిన మనిషివి! మా తాత ఈ దేశాన్ని కట్టాడు. 1664లో వచ్చాడాయన. నువ్వు ఆయన శవం మీద కూరగాయలు పండించుకు తిన్నావు. వచ్చిన చోటికే పో!"

వెనక నుంచి ఇంకో ఇద్దరు "పో" అన్నారు. ఎవరో ఆడమనిషి కుర్చీలోంచి లేచి కృష్ణవేణి చేతిలో కాగితాలు లాక్కుని గడ్డిలో పడేసింది. రామమోహన్ డెక్ మెట్లు దిగి పరుగులాంటి నడకతో వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"డ్వైట్, కూర్చో," అంది ఎవెలిన్.

స్కూలు వరండాలో పిల్లల్ని ఆపే గొంతు అది. డ్వైట్ నిజంగానే కూర్చున్నాడు.

"పదహారు వందల ఎనభై నాలుగు. అరవై నాలుగు కాదు. అరవై నాలుగులో ఇక్కడ ఈ కాలనీయే లేదు. పుస్తకం మొదటి పేజీలో ఉంది ఆ సంగతి." ఎవెలిన్ లేచి నిలబడింది. "ఆమె చెప్పింది నిజం. నేథన్ ఈయన కొడుకు కాదు. నాకు 1991 నుంచి తెలుసు."

అప్పుడు లేచిన గోల ముందు అంతకు ముందుది ఏ మూలకీ రాదు. కృష్ణవేణిని అందరూ మర్చిపోయారు. "ఎంత మోసం!" అంది ఒకావిడ. "నా కొడుకు పేరు జోసయా! వాడికేం చెప్పను?" అని ఇంకొకావిడ ఏడ్చింది. ఆరెగాన్ నుంచి వచ్చిన ముసలాయన ఎవెలిన్ ఎదురుగా వచ్చి, కోటుకి ఉన్న సంఘం బిళ్ళ ఊడదీసి ఆవిడ కాళ్ళ దగ్గర పడేశాడు. అది చూసి ఇంకా కొందరు అదే చేశారు. ఎవెలిన్ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

కార్లు ఒక్కొక్కటే కదిలాయి. డ్వైట్ కుర్చీలన్నీ మడిచి ట్రెయిలర్‌లో పడేశాడు. ఆఖరిది ఎవెలిన్ కుర్చీ. అది కూడా లాక్కుని, పరదా కప్పిన రాయితో సహా వెళ్ళిపోయాడు. ఆవిడని ఎక్కమనలేదు.

ఎవెలిన్ గోడ మీద కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చింది.

గెలిచానని కృష్ణవేణికి తెలుసు. కానీ ఆ గెలుపు చివర్లో ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టు ఉంది. తను చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఆ ముసల్ది చెబితే అందరూ నమ్మారు. అదే మంటగా ఉంది.

"టాక్సీకి ఫోన్ చేస్తాను," అన్నాడు రామమోహన్.

"లాంకాస్టర్ దాకా ఏ టాక్సీ వస్తుంది?" అంటూ కృష్ణవేణి తాళాలు తీసుకుంది. "నేనే దింపొస్తాను. ఈ గోడ మీద ఇంకో నిమిషం కూర్చోనివ్వను."

కారు రూట్ 30 ఎక్కింది. ముందు, కార్లు తోలని ఆమిష్ శాఖ వాళ్ళ గుర్రబ్బండి ఒకటి అడ్డం పడింది. నత్తనడక నడవాల్సి వచ్చింది.

"నీ కోసం చెప్పాననుకోకు," అంది ఎవెలిన్ కిటికీ వైపు తిరిగే.

"అనుకోలేదు."

"డ్వైట్ ఆరేళ్ళ నుంచి ట్రెజరరు. పుస్తకం ఒక్కసారి తెరవలేదు. వాడి నోట ఆ సంవత్సరం వినలేకపోయాను."

"నన్ను వచ్చిన చోటికి పొమ్మన్నాడు. అది వినగలిగారా?"

"అది కూడా తప్పే," అంది ఎవెలిన్, పరీక్ష పేపరులో రెండో తప్పు కింద గీత గీస్తున్నట్టు.

గుర్రబ్బండి పక్కరోడ్డులోకి మళ్ళింది. కృష్ణవేణి స్పీడు పెంచింది.

"మీ అసలు తాత ఎక్కడున్నాడో ఎప్పుడైనా వెతికారా?"

"లేదు."

"పదిహేడేళ్ళలో?"

"రమ్ము అమ్మేవాడి కోసం ఎవరు వస్తారు ఒహాయో నుంచి?"

"నేను వెతికాను," అంది కృష్ణవేణి. "దొరికాడు."

ఎవెలిన్ తల తిప్పింది. అడుగుతుందని కృష్ణవేణి చూసింది. అడగలేదు. అడిగితే తప్ప చెప్పకూడదని కృష్ణవేణి పళ్ళ బిగువున కూర్చుంది. లాంకాస్టర్ వచ్చేదాకా అలాగే నడిచింది. ఒకరికి అడగడానికి అహం, ఇంకొకరికి చెప్పడానికి అహం.

అపార్ట్‌మెంటు ముందు కారు ఆగింది. ఎవెలిన్ తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టి ఆగింది.

"ఎక్కడ?"

"ఏది ఎక్కడ?"

"నీకు తెలుసు ఏదో." ఆవిడ తలుపు పిడి వదల్లేదు. "ఆయన. పీపాలవాడు."

ఇంకాస్త సాధిద్దామని కృష్ణవేణికి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ శీతాకాలమంతా ఆ మనిషి గురించి చదివింది. పీపాలకి కర్ర అరువు తెచ్చుకోవడం, పెళ్ళాంతో కొట్లాట, రేవులో జ్వరం. చెప్పకుండా ఉండలేకపోయింది.

"చెస్టర్‌లో నది ఒడ్డున, ఊరు పేరు లేనివాళ్ళని పాతిపెట్టిన చోట. ఇప్పుడు అక్కడ ఆయిల్ ట్యాంకులున్నాయి, చుట్టూ కంచె."

"ఆధారం?"

"ఆయన భార్య మళ్ళీ పెళ్ళి చేసుకునేటప్పుడు కోర్టులో చెప్పుకుంది."

"ఆమె చెప్పుకుంటే అయిపోతుందా? చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చాలదు. నీకు ఈ పని రాదు."

తలుపు విసురుగా వేసింది. కారు ఊగింది. కృష్ణవేణి అద్దం దించి అరిచింది.

"అయితే వెళ్ళి మీరే చూసుకోండి!"

"చూస్తాను!" అంది ఎవెలిన్ వెనక్కి తిరక్కుండానే.

ఇంటికి వచ్చేసరికి రామమోహన్ గడ్డిలో పడ్డ బిళ్ళలన్నీ ఏరి కవర్లో వేస్తున్నాడు. "ఏమందావిడ?" అని అడిగాడు.

"నాకు చదవడం రాదంది," అని చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వెదర్లీలు ఎవరూ రాలేదు. కూతుళ్ళ వైపు వారసులెవరైనా ఎప్పుడైనా రావచ్చని రాజారావు హెచ్చరించాడు గాని వాళ్ళూ రాలేదు. గోడ లోపల కృష్ణవేణి మళ్ళీ ఏమీ వెయ్యలేదు. గడ్డి పెరిగితే తనే కోసేది. కూరగాయలకి ఇంటి ముందు పెద్ద తొట్లు కొని, దుకాణం మట్టి తెచ్చి నింపింది. గోంగూర అందులో అంత బాగా రాలేదు.

హాలోవీన్ ముందు ఒక ఆదివారం విజయశ్రీ వచ్చింది. పిల్లల చదువులు, ఆఫీసులో లేఆఫ్‌లు, అన్నీ మాట్లాడింది. టీ తాగింది. కృష్ణవేణి వేడి వేడిగా పకోడీలు వేసి పళ్ళెం ముందు పెట్టింది. అవి చల్లారిపోయేదాకా అలాగే ఉన్నాయి.

"తినవేంటే?"

"ఉపాసం ఉన్న అక్కా ఇయ్యాల," అంది విజయశ్రీ, పళ్ళెం వైపు చూడకుండా.

ఆ రోజు ఏ ఉపవాసమూ లేదని ఇద్దరికీ తెలుసు. కృష్ణవేణి పళ్ళెం తీసి లోపల పెట్టేసింది.